నాలుగున్నర లక్షల యాంప్ బాగుందా, గట్టిగా ఉందా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ ఇంట్లో 60 వాట్ల ఇంటిగ్రేటెడ్ యాంప్ (స్పీకర్లని మోగించే యాంప్లిఫయర్) ఉంది, నలభై అయిదు వేలకి కొన్నారు. ఇప్పుడు తెలిసిన షోరూమ్ ఆయన నాలుగున్నర లక్షల యాంప్ ఒకటి ఇచ్చి, రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని వినమన్నారు. అది 200 వాట్లది. పెట్టిన అయిదు నిమిషాలకే బాస్ బిగువుగా, గాత్రం ముందుకొచ్చినట్టు అనిపించింది. మీ బావమరిది మాత్రం "రెండూ ఒకటే కదా బావా" అన్నాడు. ఇద్దరిలో ఎవరి చెవి కరెక్ట్?

ఇద్దరిదీ కరెక్టే కావచ్చు. మీకు తేడా వినపడింది, అందులో అబద్ధం లేదు. అయితే ఆ తేడా యాంప్‌దా, వాల్యూమ్ నాబ్‌దా అన్నది ఇంకా తేలలేదు. యాంప్‌లు విప్పి బిగించడమే ముప్పై ఏళ్లుగా నా పని. ఇళ్లల్లో జరిగే పోలికలు చాలావరకు తీరా చూస్తే వడ్లగింజలో బియ్యపుగింజే. ఒకటి కాస్త గట్టిగా మోగుతోంది, అంతే.

సగం డెసిబెల్ (డీబీ, శబ్దం గట్టితనానికి కొలత) తేడా ఉన్నప్పుడు "ఇది గట్టిగా ఉంది" అని ఎవరూ అనరు. "ఇందులో వివరం ఎక్కువ", "వీణ తీగ మీద వేలు జారడం కూడా వినిపిస్తోంది" అంటారు. బాస్ సంగతి ఇంకా తమాషా. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి కింది స్వరాలు సరిగా అందవు, పెంచేకొద్దీ అవి మిగతా వాటికన్నా వేగంగా పెరిగినట్టు అనిపిస్తాయి. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాలలో ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గ్రాఫులుగా గీసి చూపించారు. మీరు బాస్ బిగువుగా ఉందన్నారు చూశారూ, నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

నాబ్ రెండింటి మీదా పది గంటల దగ్గరే పెట్టానని రాశారు. దాని వల్ల ఉపయోగం లేదండీ. ఒక్కో యాంప్‌కి గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది, ఒక్కోలా ఉంటుంది. పైగా కొత్తదానికి బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేశారు, పాతదానికి ఆర్‌సీఏ (మామూలు ఆడియో పిన్ను కేబుల్). చాలా డ్యాక్‌లలో (డిజిటల్ పాటని యాంప్‌కి సిగ్నల్‌గా మార్చే పెట్టెల్లో) బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఆర్‌సీఏ కన్నా సరిగ్గా రెట్టింపు వోల్టేజీ ఇస్తుంది, అంటే 6 డీబీ ఎక్కువ. సగం డీబీకే మోసపోయే చెవికి 6 డీబీ ఇచ్చి తీర్పు చెప్పమంటే ఎలా?

కాబట్టి మొదటి పని మల్టీమీటర్ తీయడం. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్ దీనికి పనికిరాదు. మీరు పక్కకి ఒరిగినా దాని రీడింగ్ మారిపోతుంది. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక టెస్ట్ టోన్ తయారు చేసుకోండి. నేను 200 హెర్ట్జ్ వాడతాను. మామూలు మీటర్లు ఏసీ వోల్టేజీని 400 హెర్ట్జ్ దాకానే నమ్మకంగా చూపిస్తాయి, 50 అయితే కరెంటు హమ్ కలిసిపోతుంది. టోన్ ప్లే చేసి, స్పీకర్ తగిలించి ఉండగానే స్పీకర్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ చూడండి. మొదటి యాంప్ మీద ఒక వోల్టు దగ్గర పెట్టుకుని అంకె రాసుకోండి. రెండోదాని నాబ్‌ని అదే అంకె వచ్చేదాకా తిప్పండి. ఒక శాతం తేడా దాటనివ్వకండి. ఒక శాతం వోల్టేజీ అంటే 0.09 డీబీ లోపే.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, రిమోట్‌తో అరడీబీ, ఒక డీబీ మెట్లుగా పెరిగే యాంప్‌లలో మీకు కావలసిన అంకె రాదు. అప్పుడు ముందు దాన్ని ఒక మెట్టు మీద నిలబెట్టి, మామూలు నాబ్ ఉన్న యాంప్‌ని దానికి సరిపెట్టాలి. రెండోది చాలామంది వదిలేసేది. ఎడమ స్పీకర్ ఒక్కటే కొలిచి ఊరుకుంటారు. చవక పొటెన్షియోమీటర్ (వాల్యూమ్ నాబ్ వెనకుండే భాగం) ఉన్న యాంప్‌లో నాబ్ కింద భాగాన ఉన్నప్పుడు ఎడమ, కుడి చానెళ్లు సమానంగా ఉండవు. ఒకటి రెండు డీబీ అటూ ఇటూ అవడం నేను బెంచ్ మీద తరచూ చూస్తాను. అంత తేడా వస్తే గాయకుడు నడిమధ్య నుంచి ఒక పక్కకి జరుగుతాడు. దాన్నే మనం "స్టేజ్ సరిగా లేదు" అంటాం. రెండు వైపులా కొలవండి. మీ పాత యాంప్‌లో ఈ తేడా కనిపిస్తే అది నిజమైన లోపమే. దాన్ని సరిచేయడానికి నాలుగున్నర లక్షలు మాత్రం అక్కర్లేదు, బ్యాలెన్స్ నాబ్ చాలు.

స్పీకర్లని ఒక యాంప్ నుంచి రెండోదానికి మార్చడం ఎలా అన్నారు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ నా చేయి కాలింది. చాలా ఏళ్ల క్రితం ఒక మిత్రుడి ఇంట్లో ఇలాగే పోలిక పెట్టుకున్నాం. కోఠీలో సామాను కొని నేనే స్విచ్ బాక్స్ కట్టాను. స్విచ్‌లో పోల్స్ (ఒకేసారి తెగి అతికే తీగల వరుసలు) తక్కువ పడ్డాయని రెండు యాంప్‌ల నల్ల టెర్మినల్స్ అన్నీ కలిపేశాను, నలుపు అంటే గ్రౌండే (సున్నా వోల్టు) కదా అన్న ధీమా. మిత్రుడి యాంప్‌లో అది గ్రౌండ్ కాదు. బ్రిడ్జ్ పద్ధతిలో కట్టిన యాంప్ అది, ఎరుపు ఎంత ఊగుతుందో నలుపు కూడా అంతే ఎదురు ఊగుతుంది. స్విచ్ వేసిన మూడో సెకనుకి వాసన వచ్చింది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు నాలుగూ నా ఖర్చుతో మార్చి ఇచ్చాను. ఆయన నెలన్నర ఫోన్ ఎత్తలేదు.

ఈ కాలపు క్లాస్ డి (స్విచింగ్ పద్ధతిలో నడిచే) యాంప్‌లలో చాలావాటి అమరిక ఇలాంటిదే. అందుకని ఎరుపూ నలుపూ రెండూ తెగి రెండూ అతికే స్విచ్ కావాలి. స్టీరియోకి మొత్తం నాలుగు పోల్స్. మన ఎలక్ట్రికల్ షాపుల్లో జనరేటర్‌కి వాడే ఫోర్ పోల్ చేంజోవర్ స్విచ్ దొరుకుతుంది, మధ్యలో ఆఫ్ ఉండేది. నాకు తెలిసి దీనికన్నా మంచి సాధనం లేదు. ఒక యాంప్ పూర్తిగా తెగాకే రెండోది తగులుతుంది, రెండు యాంప్‌లూ ఒకే స్పీకర్ మీద పడి కొట్టుకునే ప్రమాదం ఉండదు. వాల్వ్ యాంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాలతో నడిచేది) అయితే ఈ పద్ధతి వద్దు. స్పీకర్ లేకుండా సిగ్నల్ నడిస్తే దాని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. మీవి రెండూ ట్రాన్సిస్టర్లవే కాబట్టి ఫర్వాలేదు.

స్విచ్ దొరక్కపోతే బనానా ప్లగ్‌లు (స్పీకర్ వైరు కొసల పిన్నులు) చేత్తోనే మార్చండి. పాట ఆపి, యాంప్ వైపు నుంచే పీకాలి. స్పీకర్ వైపు పీకితే వేలాడే కొసలు రెండూ తగిలి యాంప్ షార్ట్ అవుతుంది. నాబ్ మాత్రం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కొలిచిన కొలతంతా బూడిదలో పోసిన పన్నీరు. డ్యాక్ నుంచి రెండు యాంప్‌లకీ ఆర్‌సీఏ వై కేబుల్‌తో ఒకేసారి సిగ్నల్ ఇవ్వొచ్చు. అప్పుడు రెండింటినీ ఆన్‌లోనే ఉంచండి. ఆఫ్‌లో ఉన్న యాంప్ ఇన్‌పుట్ ఒక్కోసారి సిగ్నల్‌ని వంకర చేస్తుంది. అలా కలిపాక హమ్ మొదలైతే అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ దారుల మధ్య చుట్టూ తిరిగే కరెంటు), యాంప్‌ల తప్పు కాదు. రెండింటినీ డ్యాక్‌తో పాటు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే చాలాసార్లు తగ్గుతుంది. అంతేగాని ఎర్త్ పిన్ మాత్రం పీకకండి.

ఇక కళ్లు. కళ్లు చెవులకి చాడీలు చెబుతాయి. ముందు పలక అంగుళం మందం అల్యూమినియం, బరువు ముప్పై కిలోలు, ధర నాలుగున్నర లక్షలు, ఇవన్నీ తెలిశాక విని న్యాయం చెప్పగలిగే మనిషి లేడు. నేనూ చెప్పలేను. అందుకే దుప్పటి అడ్డం కట్టి, స్విచ్ మీ బావమరిది చేతికివ్వండి. ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది పెట్టి, కాగితం మీద రాసుకోమనండి. మారినా మారకపోయినా స్విచ్‌ని మధ్యలోకి తెచ్చి మళ్లీ వేయాలి, లేకపోతే టక్కుమన్న శబ్దమే మీకు జవాబు చెప్పేస్తుంది. ముందు ఏది ఏదో చెప్పి నాలుగైదు సార్లు వినిపించి, తర్వాత తెలియకుండా వేసి ఇది ఏదో చెప్పమనాలి. దీన్నే ఏబీఎక్స్ పరీక్ష అంటారు. ఇందాకటి గ్రాఫుల్లో ఒక పేరున్న మన్‌సన్, గార్డ్‌నర్ అనే సహచరుడితో కలిసి 1950లో ఈ పద్ధతి రాశాడు. శబ్దం గట్టితనం మీద అంత పని చేసిన మనిషే పరీక్షకి అడ్డం కట్టాల్సి వచ్చిందంటే చెవి సంగతి ఆయనకి బాగా తెలుసన్నమాట.

పదిసార్లు చేసి ఏడు కరెక్ట్ చెబితే పొంగిపోకండి. కళ్లు మూసుకుని ఊహించినా ఏడు లేదా అంతకన్నా ఎక్కువ తగిలే అవకాశం 17 శాతం ఉంది. తొమ్మిది చెబితే మాట వేరు, ఊరికే తగిలే అవకాశం ఒక శాతం దగ్గరే. నేను పదహారు సార్లు చేయిస్తాను, పన్నెండు దాటితే తేడా ఉందని ఒప్పుకుంటాను. ఒకే విడతలో పదహారూ లాగకండి. చెవి అలిసిపోతుంది. నాలుగు చేసి, టీ తాగి, మళ్లీ నాలుగు.

"ఇలా టెన్షన్‌లో కూర్చుంటే సున్నితమైన తేడాలు వినపడవు, నెలల తరబడి వింటేనే తెలుస్తుంది" అనే వాదన ఉంది. కొట్టిపారేయను. కానీ మీరు తేడా విన్నది అయిదు నిమిషాల్లో కదా! అయిదు నిమిషాల్లో కళ్లు తెరిచి వినపడ్డది, దుప్పటి కట్టాక అరగంటలో కూడా వినపడకపోతే నేను దుప్పటినే నమ్ముతాను.

అన్ని యాంప్‌లూ ఒకటే అనేవాళ్ల పక్షమా నేను అంటే, కాదు. కొలత సరిచేశాక కూడా మిగిలే తేడాలున్నాయి, వాటికి కారణాలూ ఉన్నాయి. మొదటిది ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంప్ లోపలి నిరోధం. స్పీకర్ మీద 8 ఓమ్స్ అని రాసినా అది ఒక్క అంకె మీద నిలబడదు. ఒక స్వరం దగ్గర 4 ఉంటుంది, ఇంకోచోట 20 ఉంటుంది. యాంప్ తన లోపలి నిరోధంతో ఈ స్పీకర్‌కి వోల్టేజీ పంచుకుంటుంది. 2 ఓమ్స్ లోపలి నిరోధం ఉన్న వాల్వ్ యాంప్‌ని తీసుకోండి. ఆ 4 దగ్గరికీ 20 దగ్గరికీ మధ్య దాదాపు 2.7 డీబీ తేడా వచ్చేస్తుంది. అది ట్రెబుల్ నాబ్ తిప్పినంత తేడా, ఎవరికైనా వినిపిస్తుంది. అందుకే వాల్వ్ యాంప్ ఒక స్పీకర్ మీద తేనెలా, ఇంకోదాని మీద మొద్దుగా మోగుతుంది. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ 8 ఓమ్స్‌ని యాంప్ లోపలి నిరోధంతో భాగిస్తే వచ్చే అంకె) 100 ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌లో ఇదే తేడా 0.14 డీబీకి పడిపోతుంది. మీవి రెండూ ఆ కోవలోవే. మాటలో మాట, ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయిదు మీటర్లు లాగితే రానూపోనూ దాని నిరోధం 0.07 ఓమ్. ఆ యాంప్ లోపలిది 0.08. కాబట్టి డ్యాంపింగ్ ఫ్యాక్టర్ వెయ్యి అని బ్రోచర్‌లో రాసినదానికి మురిసిపోనక్కర్లేదు, మీ వైరే దాన్ని మింగేస్తుంది.

1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే ఇంజనీరు స్టీరియోఫైల్ పత్రిక వాళ్లకి సవాలు విసిరాడు. మీకు నచ్చిన ఖరీదైన యాంప్ ఏదైనా ఇవ్వండి, నా చవక ట్రాన్సిస్టర్ యాంప్‌ని అచ్చం అలాగే మోగిస్తాను అని. వాళ్లు ఒక పెద్ద వాల్వ్ యాంప్ ఇచ్చారు. ఆయన హోటల్ గదిలో కూర్చుని, రెండు యాంప్‌లకీ ఒకే సంగీతం ఇచ్చి, ఒకదాని ఔట్‌పుట్‌లోంచి ఇంకోదాన్ని తీసేసి, మిగిలిన తేడా ఎంతో చూస్తూ ఆ తేడా కరిగిపోయేదాకా తన యాంప్‌లో భాగాలు మారుస్తూ పోయాడు. చివరికి వినేవాళ్లు తేడా పట్టుకోలేకపోయారు. నాకు ఈ కథలో నచ్చేది ఆయన గెలవడం కాదు. మొదట తేడా ఉందని ఆయన కూడా ఒప్పుకున్నాడు, దాన్ని కొలిచి పట్టుకున్నాడు. మంత్రం ఏమీ లేదక్కడ.

రెండో నిజమైన కారణం పవర్ చాలకపోవడం. మీ విషయంలో ఏదైనా తేడా మిగిలితే ఇదే అయి ఉంటుందని నా అంచనా. సినిమా పాటల మిక్స్‌లో శబ్దమంతా ఒకే ఎత్తున ఉంటుంది కాబట్టి తెలియదు. మీరు వినే కచేరీ రికార్డింగుల్లో తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం) వచ్చినప్పుడు మృదంగం దెబ్బ సగటు కన్నా 15 డీబీ పైకి లేవడం మామూలే. 15 డీబీ అంటే పవర్‌లో 32 రెట్లు. సగటున ఒక వాట్ వాడుతుంటే దెబ్బకి 32 వాట్లు కావాలి, సగటు 3 వాట్లయితే 95. మీ 60 వాట్ల యాంప్ అక్కడ తల నేలకేసి కొట్టుకుంటుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం. చెవికి అది పగిలిన శబ్దంగా కాక, దెబ్బలో పదును పోయినట్టు, గుంపులో గందరగోళంగా అనిపిస్తుంది.

ఇది మీ ఇంట్లో జరుగుతోందా లేదా అన్నది ఊహించనక్కర్లేదు, అదే మల్టీమీటర్ చెబుతుంది. మీకిష్టమైన కచేరీ పెట్టి, మీరు ఎప్పుడైనా పెట్టే అత్యంత గట్టి వాల్యూమ్‌కి నాబ్ తిప్పి, అక్కడే వదిలేయండి. పాట ఆపి, పూర్తి స్థాయికి (ఫైల్‌లో పట్టే అత్యంత గట్టి శబ్దానికి) 20 డీబీ తక్కువలో తయారు చేసిన 200 హెర్ట్జ్ టోన్‌ని నాలుగైదు సెకన్లు ప్లే చేయండి. స్పీకర్ దగ్గర వచ్చిన వోల్టేజీని పదితో గుణించండి. ఆ వాల్యూమ్‌లో ఏ పాటైనా అడగగల గరిష్ఠం దాదాపు అదే. 8 ఓమ్స్‌కి 60 వాట్లు ఇచ్చే యాంప్ సుమారు 21.9 వోల్టుల దాకా వెళ్తుంది. మీటర్ 1.4 చూపిస్తే లెక్క 14 వోల్టులు, మీ పాత యాంప్ హాయిగా నడుస్తోంది. మీటర్ 3 చూపిస్తే 30 వోల్టులు కావాలి, అది దాని వల్ల కాదు. 200 వాట్ల యాంప్ 40 వోల్టుల దాకా వెళ్తుంది కాబట్టి అది తట్టుకుంటుంది. మీ స్పీకర్ల ఇంపీడెన్స్ 3 ఓమ్స్‌కి దిగితే వోల్టేజీ ఉన్నా కరెంటు చాలక పాతది ఇంకా ముందే చేతులెత్తేయొచ్చు, కాబట్టి 21.9కి బదులు 17, 18 దగ్గరే గీత గీసుకోండి.

లెక్కలో 30 వచ్చిందనుకోండి, అప్పుడు కూడా కావలసింది పవరే. 200 వాట్లిచ్చే నికార్సైన యాంప్‌లు నాలుగున్నర లక్షలకి చాలా తక్కువలోనే దొరుకుతాయి.

ఇంటి సంగతులు కొన్ని. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. మే నెలలో కష్టమే, అయినా ఆపండి, పది నిమిషాలకొకసారి వేసుకోవచ్చు. శబ్దం మాట అలా ఉంచితే, కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు తగ్గించి తిప్పినప్పుడు కరెంటు లైన్లోకి జుయ్‌మనే గోల వదులుతాయి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు పరీక్ష చేయకండి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ దాని మీద గుర్రుమంటుంది. ఆ గుర్రు విని కొత్త యాంప్‌లో లోపం ఉందని మీరు షోరూమ్ ఆయనతో తగువు పెట్టుకోవద్దు. కుర్చీ జరగకూడదు, తల అరడుగు పక్కకి పోయినా ట్రెబుల్ మారిపోతుంది. మీ హాల్లో విట్రిఫైడ్ టైల్స్, బోసి గోడలు ఉన్నాయన్నారు. స్పీకర్ల ముందు ఒక మందపాటి తివాచీ పరిచి, ఎదురు గోడకి బరువైన కర్టెన్ వేసి చూడండి. ఆ తేడా పట్టుకోవడానికి ఏబీఎక్స్ అవసరం పడదు, మీ బావమరిదికి కూడా వినిపిస్తుంది.

ఏ పాట పెట్టాలని అడిగారు. మీకు కంఠతా వచ్చినది. పాత మోనో రికార్డింగ్ (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) ఒకటి తప్పకుండా ఉండాలి. ఘంటసాల గొంతు స్పీకర్ల నడిమధ్య నిలబడుతోందా లేదా అన్నదాన్ని బట్టి చానెల్ బ్యాలెన్స్ తేలిపోతుంది. తర్వాత మృదంగం ఉన్న కచేరీ. షోరూముల్లో వినిపించే ఆ మెరుపుల డెమో పాటలు వద్దు, అవి అన్నిటి మీదా బాగానే ఉంటాయి.

మొదటి వారం ఏమీ కొలవకుండా కొత్త యాంప్‌తో మామూలుగా గడపండి. ఏం నచ్చిందో రాసుకోండి. రెండో వారం శనివారం దుప్పటి, స్విచ్, మీటర్. దుప్పటి వెనక తేడా దొరకలేదు, 20 డీబీ టోన్ లెక్క కూడా గీత కిందే ఉంది అంటే నేనైతే యాంప్ తిరిగిచ్చేసి ఆ డబ్బు స్పీకర్లకి దాచుకుంటాను. దొరకకపోయినా అది చూడముచ్చటగా ఉంది, కొనాలనే ఉంది అంటారా, కొనుక్కోండి. చేతికి గడియారం టైమ్ కోసమే పెట్టుకుంటున్నామా? ధ్వని కోసం కొన్నానని మాత్రం ఇంట్లో చెప్పకండి, బావమరిది దగ్గర కాగితం ఉంటుంది.

టోన్ పెట్టినప్పుడు వచ్చిన వోల్టులు, రెండు చానెళ్లవీ రాయండి. మీ స్పీకర్ల ఇంపీడెన్స్ గ్రాఫ్ ఎక్కడైనా దొరికితే అదీ పంపండి, కింది స్వరాల దగ్గర ఎంతకి దిగుతోందో చూసి ఆ 17, 18 వోల్టుల గీత పైకి జరపొచ్చో కిందికి దించాలో చెబుతాను.